ఉమ్మడి డాబాలు – సూర్యవిద్యుత్తు

దేశమున ఒక కోటి గృహములపై సూర్యఫలకముల నమర్పించుటకై కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, అందులకు 75,021 కోట్ల రూపాయలను వ్యయము చేయ సంకల్పించినది. ఈ సంకల్పము శ్లాఘనీయమే. కాని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మున్నగు మన నగరములలో మధ్యతరగతి కుటుంబములకుఁ దమదని చెప్పుకొనఁదగిన ప్రత్యేకమైన కప్పు నేఁ డెక్కడ నున్నది? ఇరువది కుటుంబము లొకే డాబా క్రింద నివసించుచున్నవి. సూర్యుఁ డా డాబాపైఁ గురిపించు వెలుఁగులో లోప మేమియు లేదు. ప్రభుత్వ సహాయము మాత్రము కప్పు ఒక్కరిదా, పదిమందిదా యని విచారించి మఱి కొలువఁబడుచున్నది.

విడి యిల్లుగల గృహస్థునకు మొదటి రెండు కిలోవాట్లకుఁ గిలోవా టొక్కింటికి 30,000 రూపాయలును, మూఁడవదానికి 18,000 రూపాయలును, వెరసి 78,000 రూపాయల సహాయధనము లభించును. అపార్టుమెంటు సంఘము తన ఉమ్మడి యవసరములకై, అనఁగా లిఫ్టు, నీటిమోటారు, మెట్లదారి దీపములు, విద్యుద్వాహనముల చార్జింగు మొదలగువానికై, ఫలకముల నమర్చుకొన్నచోఁ గిలోవాటునకు 18,000 రూపాయలు మాత్రమే. అంతస్తునకు నాలుగు చొప్పున అయిదంతస్తులలో 20 ఫ్లాట్లు గల యొక భవనమును దీసికొందము. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది పోఁగా దాని డాబాపై 20 కిలోవాట్లకుఁ జోటు దొరకును. కిలోవాటునకు 50,000 వంతున లెక్కించినచో మొత్తము వ్యయము 10 లక్షలు. ఉమ్మడి యవసరముల పేర నమర్చినచో సహాయము 3,60,000 రూపాయలు. ఆ ఫలకములనే ఫ్లాటునకొక కిలోవాటు వంతున 20 కుటుంబముల పేరఁ బంచి వ్రాసినచో సహాయము 6,00,000 రూపాయలు. డాబా అదే, ఎండ అదే, ఫలకములు నవియే. కాగితము మాఱినంతమాత్రమున ప్రతి కుటుంబము భరింపవలసిన భాగము 32,000 నుండి 20,000 రూపాయలకు దిగుచున్నది.

అట్లు పంచి వ్రాయుటకు వీలు లేదా? కేంద్రము వారి నిబంధనలు దీనిని నిషేధింపలేదు. ఒక్కచోట నుత్పత్తియైన విద్యుత్తును బలువురి మీటర్లకు లెక్కలోఁ బంచియిచ్చు పద్ధతిని వర్చువల్ నెట్ మీటరింగు అందురు. ఢిల్లీ విద్యుత్తు నియంత్రణ కమిషను 2019లోనే దీనికి మార్గదర్శకములను వెలువరించినది. పంపిణీసంస్థ తలఁచుకొన్న నిది కేవలము కూడికలు తీసివేతల పని. కాని దేవుఁడు వరమిచ్చినను బూజారి వరమీయఁడను సామెత యూరక పుట్టలేదు. నిబంధన యచ్చుపడుట వేఱు, నెల బిల్లులో ఫ్లాటు ఫ్లాటునకును యూనిట్లు జమపడుట వేఱు. 10 కిలోవాట్ల వఱకు సాధ్యాసాధ్య పరీక్ష యక్కఱలేదని 2024లో సవరింపఁబడిన వినియోగదారుల హక్కుల నియమములు చెప్పుచున్నవి. ఈ సౌలభ్యము చిన్న గృహస్థునకు సరిపోవును గాని, 20 కిలోవాట్లు కోరు అపార్టుమెంటునకు సరిపోదు.

లెక్కలోఁ బంచుట కుదరనిచోట సంఘములు ఉమ్మడి మీటరుతోడనే తృప్తిపడవలసియుండును. అచట నొక జాగ్రత్త యవసరము. మన ప్రాంతమున నొక కిలోవాటు నెలకు సుమారు 110 యూనిట్ల నిచ్చును. లిఫ్టునకును మోటారునకును గలిపి నెలకు 900 యూనిట్లు చాలు భవనమునకు 20 కిలోవాట్లు బిగించినచో 2,200 యూనిట్లు పుట్టి, మిగిలినవన్నియు స్వల్పమైన వెలకుఁ బంపిణీసంస్థకుఁ జేరును. అమ్మువాఁ డెప్పుడును బెద్దదానినే సిఫారసు చేయును. పండ్రెండు నెలల ఉమ్మడి బిల్లులను ముందిడుకొని చూడక యే సంఘమును బయానా యీయరాదు.

ధనముకన్నఁ జిక్కైనది హక్కుల ప్రశ్న. పై యంతస్తువారు డాబా తమ తలమీఁద నున్నది గనుకఁ దమదే యందురు. భవననిర్మాత దానిని దన కట్టిపెట్టుకొంటి ననును. చట్టము వీరి పక్షమున లేదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము కప్పును ఉమ్మడి భాగములలోఁ జేర్చినది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము మఱియొక యడుగు ముందునకు వేసి, డాబాలనే గాక పునరుత్పాదక విద్యుత్ సాధనములను సైతము ఉమ్మడి భాగములుగఁ బేర్కొన్నది. కనుక కొందఱు ముందుగాఁ బోయి మేలైన చోటునఁ దమ ఫలకములఁ బఱచుకొనుట, తక్కినవారు మేల్కొనునప్పటికి స్థలము లేకుండుట న్యాయము గాదు. ఫ్లాటునకింత యని డాబాపై వాటాను ముందు వ్రాఁతమూలమున నిర్ణయించి, పిమ్మటనే యెవరైనఁ బని ప్రారంభింపవలెను. ఇప్పుడు సొమ్ము లేక వెనుదీయువాని వాటా వానికై నిలిచియుండవలెను.

ఈ వాటాల శాస్త్రము మనకుఁ గ్రొత్తది కాదు. చెఱువు నీటిని ఆయకట్టులోని పొలములకు వంతులవారిగాఁ బాఱించిన నీరటికాండ్రు మన గ్రామములలో నుండిరి. మరమ్మతు పనికి మనిషినిచ్చు బాధ్యత భూమి ననుసరించి యుండెను. నీరు పాఱిన పొలమునకు ఖర్చును దగులునను సూత్రమును జదువురాని రైతులు నడపిరి. డెన్మార్కు దేశస్థులు దీనినే గాలికి వర్తింపఁజేసిరి. 1972లో సెట్టెడామెన్ అనుచోట, సొంత యిండ్లతోఁ బాటు ఉమ్మడి గృహమునుంచుకొని కలసి జీవించు వాడను స్థాపించినది యా దేశమే. 2000 సంవత్సరమున కోపెన్‌హేగెన్ యెదుట సముద్రములో మిడ్డెల్‌గ్రుండెన్ అనుచోట 20 గాలిమరలను నెలకొల్పి, వానిలో సగమును బ్రజల సహకార సంఘమే కొనినది. అచట నొక వాటా యనఁగా సంవత్సరమునకు 1,000 యూనిట్లు. వాటాను యూనిట్లలోఁ గొలుచుటలోఁ జాల సౌకర్యమున్నది. ఎవరెంత పెట్టిరో, ఎవరి కెంత రావలెనో తగవునకుఁ దావుండదు.

మన సంఘములును నట్లే చేయవచ్చును. ఒక్కొక్క ఫ్లాటునకు నెలకింత యని యూనిట్లు నిర్ణయమైనచో, నిల్లమ్ముకొని పోవువాఁడు తన వాటాను గొనువానికి బదిలీ చేయును. మాకుఁ దోఁచిన చిక్కు లింకను రెండున్నవి. మొదటిది అద్దెదారులది. పెట్టుబడి యజమానిది, బిల్లు తగ్గుదల యద్దెదారునిది యైనచో యజమాని కదలఁడు. అద్దె యొడంబడికలోనే దీనిఁ జేర్చుట యొక్కటే మార్గము. రెండవది పింఛనుపై జీవించు వృద్ధులది. సర్వసభ్య సమావేశమున నందఱి యెదుట "నావద్ద లే"దని చెప్పుట కెవ్వ రిష్టపడుదురు? వారు వేఱు కారణములు చెప్పి వ్యతిరేకింతురు. తాకట్టు లేకుండఁ దక్కువ వడ్డీకి బ్యాంకు లిచ్చు ఋణము 3 కిలోవాట్ల వఱకు గృహస్థుల నుద్దేశించినది. సంఘమునకో, తాకట్టు పెట్టుటకు సొంత యాస్తి యుండదు. కనుక, ఒక్కసారిగ నందఱివద్దను జందా లాగుటకన్న, మూలనిధినుండి బదులు దీసికొని, తగ్గిన బిల్లు సొమ్ముతో నెలనెలయు నా నిధిని బూరించుటయే యుత్తమమని మా యభిప్రాయము. అప్పుడు వృద్ధునకు నెలసరి చెల్లింపు పెరుగదు. అయితే నిధి నంతయు దీనికే ధారపోయరాదు. లిఫ్టు చెడినప్పుడు సూర్యుఁడు మెట్లెక్కింపఁడు.

"పైస పెట్టుబడి యక్కఱలేదు, డాబా యిచ్చిన చాలు" నని వచ్చు కంపెనీల విషయమున నొక హెచ్చరిక. ఇట్టి యేర్పాటు నిజముగ నుపకరించు భవనములు లేకపోలేదు. కాని యొప్పందము 25 సంవత్సరములది. యూనిటు వెల యేటేట నెంత పెరుగును, నడుమ భవనము పడఁగొట్టి కట్టవలసివచ్చిన నేమి, కప్పు కాఱినచో బాగుచేయు వారెవరు, కంపెనీ చేతులు మాఱిన నెవరు బాధ్యులు, అనునవి చదువక సంతకము చేయు కార్యదర్శి తన తరువాతి పది కార్యవర్గముల చేతులు గట్టివేయుచున్నాఁడు.

సాంకేతిక విషయములలో జనులను మిక్కిలి నిరాశపఱచునది కరెంటు పోవుట. సాధారణపు ఏర్పాటులో లైను చచ్చిన తక్షణమే ఇన్వర్టరు తానును నిలిచిపోవును. లైనుపైఁ బనిచేయు కార్మికుని ప్రాణరక్షణకై యిట్లేర్పఱుపఁబడినది. మిట్టమధ్యాహ్నమైనను, బ్యాటరీ లేనిదే లిఫ్టు కదలదు. ఈ సంగతి ముందు చెప్పని వర్తకుఁడు తరువాతఁ దిట్లు తినును, సంఘకార్యదర్శి మఱి నాలుగెక్కువ తినును. ట్యాంకు నీడ యొక్క ఫలకముపైఁ బడినను వరుస యంతయుఁ దగ్గుట గలదు. ఫలకములను మనిషి యెత్తునకుఁ బైగా నిలిపినచో బట్టలకును వడియములకును డాబా దక్కును గాని, ఇనుము ఖర్చును గాలి తాకిడియుఁ బెరుగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దాఁకిన నాఁటి గాలిని మఱవని వారెవ్వరును బోల్టుల విషయమున లోభింపరు.

ఉభయ తెలుఁగు రాష్ట్రముల నియంత్రణ కమిషనులును బంపిణీసంస్థలును జేయవలసినది యొక్కటి. అపార్టుమెంటు సంఘము వాటాల పట్టికతో దరఖాస్తు చేసిన నాఁటినుండి యెన్ని దినములలో మీటరు బిగించి, ఏ నెల బిల్లునుండి ఫ్లాటు ఫ్లాటునకును యూనిట్లు జమకట్టుదురో ప్రకటింపవలెను. ఆలస్యమైనచోఁ బరిహార మెంతయో యా ప్రకటనలోనే యుండవలెను. సూర్యఘర్ పథకమునకు 2026-27 ఆర్థిక సంవత్సరము వఱకే గడు వేర్పడియున్నది. మన అపార్టుమెంటు సంఘముల సర్వసభ్య సమావేశములు సాధారణముగ సంవత్సరమునకొక్కమాఱు, అందును గోరము చాలక వాయిదాపడి, జరుగుచుండును.