పొట్టకొచ్చిన చేను కొయ్యకండి



సంక్రాంతి దాటితే చాలు, మా మాంటిస్సోరి గదిలోని ఐదేళ్ల పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే టీసీ మాట ఎత్తుతారు. "పెద్ద స్కూల్లో సీటుంది టీచర్, ఇప్పుడు కాకపోతే మళ్లీ దొరకదు" అంటారు. కొందరైతే రెండో ఏడు కాగానే తీసుకెళ్లి యూకేజీలో వేసేస్తారు. సీట్ల కంగారు మాకూ తెలుసు, మాకూ పిల్లలున్నారు. అయినా అడుగుతున్నాం: మూడో ఏడు పూర్తి కానివ్వండి.

మూడు నుంచి ఆరేళ్ల దాకా అందరిదీ ఒకే గది. మొదటి ఏడు నీళ్లు పోస్తారు, ఒలకబోస్తారు, తుడుస్తారు. రెండో ఏడు గరుకు అక్షరాల మీద వేలు నడుపుతారు. పంట చేతికొచ్చేది మూడో ఏడు. పోయిన డిసెంబరులో ఒక పాప వెయ్యి పూసల ఘనాన్ని రెండు చేతులా పట్టుకుని, గడ్డం ఆనించి, చాప దాకా మోసుకొచ్చింది. పక్కనే వంద పూసల చదరాలు పది పేర్చి, వంగి ఎత్తు చూసుకుంది. "రెండూ ఒకటే" అని తనలో తనే అనుకుంది. కొన్నాళ్లకి స్టాంప్ గేమ్ దగ్గరికొచ్చింది. అందులో ఒకటి బిళ్లా, వెయ్యి బిళ్లా ఒకే సైజు, రెండూ ఆకుపచ్చవే. తేడా అంతా మీద రాసిన అంకెలోనే. వెయ్యి బరువు మోసిన పిల్ల కాబట్టి దానికి ఆ అంకె సరిపోయింది.

జూన్‌లో ఆ పాప వేరే స్కూల్లో ఒకటో తరగతిలో చేరింది. మొదటి వారం హోంవర్కు: ఒకటి నుంచి వంద దాకా, రెండుసార్లు.

ఆరేళ్లకు పాలపళ్లతోపాటు పిల్లల తీరూ మారుతుంది. నిన్నటిదాకా ఎవరి చాప మీద వాళ్లు. ఇప్పుడు జట్టు కావాలి. "టీచర్, వాడు చాప చుట్టకుండా వెళ్లిపోయాడు" అని పరుగెత్తుకొస్తారు. మనం చాడీలంటాం. వాణ్ని శిక్షించమని కాదు, అది తప్పా ఒప్పా తేల్చుకోవాలనే వస్తారన్నది ఈ పద్ధతిని మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి మాట. "ఇదేంటి" పోయి "ఎందుకు" వచ్చే వయసిది. అందుకే ఆరేళ్లు దాటినవాళ్లకు ఆమె పెద్ద కథలతో మొదలుపెట్టారు: విశ్వం ఎలా పుట్టింది, ప్రాణం ఎలా వచ్చింది, మనిషి, రాత, అంకెలు.

ఈ చదువు ఎక్కడో విదేశంలో తయారైంది కాదు. 1939లో మద్రాసులోని అడయారు వచ్చిన ఆమె రెండో ప్రపంచ యుద్ధం వల్ల మన దేశంలోనే ఉండిపోయారు. 1942 నుంచి రెండేళ్లు కొడైకెనాల్‌లో కొడుకు మారియోతో కలిసి ఆరు దాటిన పిల్లల మధ్య పనిచేస్తూ దీనికి రూపమిచ్చారు. మన వీధుల్లో ఆమె పేరున్న బోర్డులకు కొదవలేదు. వాటిలో చాలా చోట్ల ఆమె పద్ధతి ఆరేళ్లతో సరి.

తప్పు మీదొక్కరిదే కాదు. మూడో ఏడు ఏం జరుగుతుందో మేమెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నోట్‌బుక్ లేదేమని మీరడిగితే నవ్వి ఊరుకున్నాం. మాంటిస్సోరి స్కూళ్ల యాజమాన్యాలు ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు ఒక్క గదైనా తెరవాలి. ఒక్కరి వల్ల కాకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి నడపాలి. పిల్లలు మారే ముందు ఏప్రిల్‌లో నాలుగు పూటలు ఆ పెద్దగదిలో కూర్చోనివ్వాలి.

"ఎప్పటికైనా పదో తరగతి పరీక్ష రాయాల్సిందేగా?" రాయాల్సిందే. మార్చక తప్పనప్పుడు తొమ్మిదేళ్లకో పన్నెండేళ్లకో మార్చండి, మధ్యలో కాదు. దగ్గర్లో అలాంటి గది లేకపోయినా, ఫీజు అందకపోయినా, ఆరు నిండాకే ఒకటో తరగతికి పంపండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లే చెప్పింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే రెండో తరగతి వరకూ, ఒకే దశ అంది. ఇక ఒకటో తరగతికి ఎంట్రన్స్ టెస్టు అన్నారంటే, విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చూపించండి. అది నిషేధం, జరిమానా కూడా ఉంది.

టీసీ అడిగే ముందు ఒక్క పని చేయండి. ఏ రోజైనా పొద్దున తొమ్మిదిన్నరకు మా గదికి రండి. మూలన ఒక పీట వేస్తాం. ఫోన్ బయట పెట్టి, మీ పిల్లని పలకరించకుండా, గంటసేపు కూర్చోండి.

ఇట్లు,
మాంటిస్సోరి టీచర్లు, కొందరు తల్లిదండ్రులు