బొమ్మ ముందా, రిజిస్టరు ముందా?

మా కంప్యూటర్ ల్యాబులో ఏ ప్రాజెక్టు బ్యాచిని కదిపినా ఒకటే జవాబు: "డయాగ్రమ్ అయిపోయిందండీ!" సమస్య అర్థమయిందా అంటే మాత్రం అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు. ఈ "అయిపోవడం" మీదనే నాకు అనుమానం. అది ఊరికే పుట్టలేదు. చేతులు కాలిన తరువాత పుట్టింది.

పోయిన ఏడాది మా డిపార్టుమెంటు గ్రంథాలయానికి ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేసే పని నా మీద పడింది. ఇంటర్నెట్‌లో దొరికే డీబీడయాగ్రమ్ అనే సాధనాన్ని తెరిచాను. దాని పద్ధతి సులువే. ఎడమవైపు టేబుల్ పేరు, అందులో ఉండే కాలమ్‌ల పేర్లు రాస్తే, కుడివైపు పెట్టెలూ, వాటిని కలిపే గీతలూ వచ్చేస్తాయి. మై ఎస్‌క్యూఎల్‌కో, పోస్ట్‌గ్రెస్‌కో కావలసిన ఆదేశాలు కూడా అదే రాసిస్తుంది. అరగంటలో నా బొమ్మ సిద్ధం: విద్యార్థి, పుస్తకం, మధ్య ఒక గీత. పుస్తకం పెట్టెలోనే "ఎవరి దగ్గరుంది" అని ఒక కాలమ్. చూడముచ్చటగా ఉంది. మార్కులూ బాగానే వచ్చాయి.

పరీక్షలయ్యాక అసలు కథ మొదలయింది. గ్రంథాలయంలో ఒక పాఠ్యపుస్తకం నాలుగు ప్రతులున్నాయి. నా టేబుల్లో ఆ పుస్తకానికి వరుస ఒక్కటే. నలుగురు తీసుకుంటే, ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడి, చివరి పేరే మిగిలింది. ఆ పేరు ఒక ఫైనలియర్ అమ్మాయిది. పాపం, తాను తీసుకున్న ఒక్క ప్రతీ తెచ్చి ఇచ్చి, నో డ్యూస్ అడిగింది. "మిగతా మూడూ ఏవమ్మా? కంప్యూటర్లో నీ పేరే ఉంది" అన్నారు. టీసీ ఆగిపోయింది. ఊరినుంచి బస్సులో వచ్చిన పిల్ల వరండాలో కూర్చుని ఏడుస్తుంటే, ఆ తప్పు చేసినవాణ్ణి నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆదుకున్నది అటెండరుగారు. కంప్యూటరొచ్చినా ఆయన పాత ఇష్యూ రిజిస్టరు రాయడం మానలేదు. "పేరు కాదు బాబూ, పుస్తకం మీది నంబరు చెప్పు" అన్నారు. ప్రతి కాపీకీ ఒక అక్సెషన్ నంబరు, దాని ఎదుట పేరు, తేదీ. పది నిమిషాల్లో ఆ మూడు ప్రతులూ ఎవరి దగ్గరున్నాయో తేలింది. సాయంత్రానికి ఆ అమ్మాయి చేతికి టీసీ వచ్చింది.

పుస్తకం వేరు, దాని కాపీ వేరు, ఆ కాపీని ఒకరు తీసుకెళ్ళడం వేరు. ఈ సంగతి ఆ రిజిస్టరుకు ఎప్పుడో తెలుసు. నాకే తెలియదు. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న కాడ్ రిలేషనల్ పద్ధతిని ప్రకటించినప్పుడు గాని, 1976లో పీటర్ చెన్ వస్తువులూ వాటి సంబంధాలూ అనే మోడల్‌ను ప్రతిపాదించినప్పుడు గాని ఇలాంటి సాధనాలు లేవు. ఆలోచన ముందు, బొమ్మ తరువాత.

సాధనం చెడ్డదని నేననను. మనం చెప్పిందే అది గీస్తుంది. మనం అడగని ప్రశ్న అది అడగదు. అందుకే కొత్తగా మొదలుపెట్టే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా సలహా ఇది. ముందు రిజిస్టరు రాసే మనిషి దగ్గర కూర్చోండి. అందులోని పది వరుసలు కాగితం మీదికి ఎక్కించుకోండి. ఇది ఒకటుంటే అది ఎన్ని ఉండవచ్చు? ఈ గడి ఖాళీగా ఉండవచ్చా? రెండింటికి ఒకే పేరు రావచ్చా? ఈ మూడూ అడగండి. ఆ తరువాతే సాధనం తెరవండి. సంబంధం రాసేటప్పుడు పెద్ద గుర్తు (>) కు ఎడమవైపు "అనేకం", కుడివైపు "ఒకటి" అని గుర్తుంచుకోండి: కాపీలు ఎడమ, పుస్తకం కుడి. చివరికి ఆ పది వరుసలూ మీ పెట్టెల్లో పట్టాయో లేదో చూడండి. ఒక్క వరుసకు చోటు లేకపోయినా తప్పు బొమ్మదే, వరుసది కాదు. విద్యార్థుల అసలు పేర్లూ, ఫోన్ నంబర్లూ మాత్రం అందులో ఎక్కించకండి.

లెక్చరర్లకు కూడా ఒక మనవి. వైవాలో బొమ్మ అందం చూసి మార్కులు వేయకండి. "ఇది గీసేముందు ఎవరిని అడిగావు?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆ ప్రశ్న నన్ను ఆనాడే వేసి ఉంటే, ఆ అమ్మాయి వరండాలో కూర్చుని ఉండేది కాదు.