హరితగృహ పైకప్పు ఎంపిక: వెలుగుతో పాటు వేడినీ లెక్కించాలి

హరితగృహ పైకప్పు ప్రస్తావన రాగానే సాధారణంగా రెండు ప్రశ్నలే ముందుకు వస్తాయి: ఎంత వెలుగును లోనికి పంపుతుంది, చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుంది? వెలుగుకు ఇచ్చే ఈ ప్రాధాన్యం చలిదేశాల అనుభవం నుంచి వచ్చింది. శీతకాలంలో ఎండ కొరవడే నెదర్లాండ్స్‌లో ఒక శాతం వెలుగు తగ్గితే సుమారు ఒక శాతం దిగుబడి తగ్గుతుందని స్థూలంగా లెక్క వేస్తారు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే తెలుగు మైదాన ప్రాంతాలకు ఆ లెక్క యథాతథంగా వర్తించదు. ఇక్కడ రైతు అధిక పారదర్శకత గల పైకప్పును కొని, దాని కింద 35 నుంచి 50 శాతం నీడనిచ్చే వలను తానే కడుతున్నాడు. డబ్బిచ్చి తెచ్చుకున్న వెలుగును మళ్లీ డబ్బిచ్చి ఆపుకోవడమంటే ఇదే.

గాజు దాదాపు 90 శాతం, రెండు పొరల పాలికార్బొనేట్ రేకు దాదాపు 80 శాతం వెలుగును పంపుతాయి. 200 మైక్రాన్ల పాలిథిన్ ఫిల్ముకు ఐఎస్ 15827 ప్రమాణం అమలులో ఉంది. మంచి ఫిల్ము 85 శాతం వరకు పంపుతుంది. అయితే 4 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 10 కిలోలు తూగుతుంది. ఫిల్ము 200 గ్రాములైనా ఉండదు. గాజు బరువును మోయడానికి దృఢమైన చట్రం కావాలి. వడగళ్ల భయం సరేసరి. కనుక మైదాన ప్రాంతపు చిన్న రైతుకు ఫిల్మే తగినది. అందులోనూ కాంతిని చెదరగొట్టే రకాన్ని కోరాలి. నేరుగా పడే ఎండ పై ఆకులను మాడ్చితే, చెదరిన కాంతి కింది ఆకులకూ అందుతుంది. అయితే ఏ ఫిల్మూ గాలి ప్రసరణకు ప్రత్యామ్నాయం కాదు. తగినన్ని గవాక్షాలు లేని గృహంలో క్యాప్సికం పూత నిలవదు.

చింతపల్లి, లంబసింగి వంటి మన్యం ప్రాంతాల సమస్య వేరు. అక్కడ శీతకాలపు రాత్రులు నారుమళ్లకు పరీక్ష. సాధారణ పాలిథిన్ నేల నుంచి వెలువడే పరారుణ కిరణాలను ఆపలేదు. గాలి కదలని, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి లోపలి ఉష్ణోగ్రత ఒక్కొక్కసారి బయటి కంటే తగ్గుతుంది. అక్కడి చిన్న నారు పెట్టెలకు పాలికార్బొనేట్ మూతలు గానీ, ఉష్ణాన్ని నిలిపే ఫిల్ము గానీ ఎంచుకోవడం సమంజసం. విస్తీర్ణం స్వల్పం కనుక అదనపు ఖర్చూ భరించదగినదే.

ఎక్కువగా విస్మరణకు గురయ్యేది పైకప్పు ఆయుష్షు. అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా తయారైన ఫిల్ము సాధారణంగా మూడు, నాలుగేళ్లు మన్నుతుంది. క్యాప్సికంపై బూడిద తెగులు నివారణకు పిచికారీ చేసే గంధకం ఆ రక్షక పదార్థాలను దెబ్బతీసి ఈ గడువును కుదిస్తుంది. ఎండకు కాగిన ఇనుప గొట్టాలకు తగిలే చోట ఫిల్ము ముందుగా పెళుసుబారుతుంది. గొట్టాలపై పడే భాగానికి బయటి నుంచి తెల్లరంగు వేయడం, గంధకాన్ని అవసరమైన మేరకే వాడి గవాక్షాలు తెరిచి ఉంచడం పెద్ద ఖర్చులేని జాగ్రత్తలు.

రాయితీతో నిర్మాణం పూర్తయిన నాడు ఈ ఖర్చు కనిపించదు. నాలుగో ఏట ఫిల్ము చిరిగి, బ్యాంకు వాయిదా మిగిలి ఉన్నప్పుడే దాని బరువు తెలుస్తుంది. చట్రం చెక్కుచెదరకున్నా సాగు ఆగిపోయే ప్రమాదం అక్కడే ఉంది. అందువల్ల ప్రాజెక్టు అంచనా పత్రంలోనే ఫిల్ము మార్పిడిని ఒక పద్దుగా చూపాలి. తొలి పంట ఆదాయం నుంచే రైతు అందుకు కొంత కేటాయించాలి. పరిశోధన కేంద్రాలు సైతం ఒకే ఫిల్మును అన్ని మండలాలకు సిఫారసు చేయక, ఒక్కో ప్రాంతంలో ఏ పైకప్పు ఎన్నాళ్లు మన్నిందో, దాని కింద ఏ పంట ఎంత వేడిని భరించిందో నమోదు చేసి రైతుకు అందించాలి. పైకప్పును కొన్ననాటి ధరతో కాక, అది నిలిపిన పంటకాలాలతో భాగించి చూసినప్పుడే అసలు ధర తెలుస్తుంది.