ఎరుపులో ఏది ఎర్రచందనం?

చాతం రంపపు మిల్లులో పడాక్ దుంగను చీలిస్తే లోపలి చేవ ముదురెరుపులో మెరుస్తుంది. శేషాచలం ఎర్రచందనాన్ని ఎరిగిన తెలుగువారెవరైనా ఒక్క క్షణం తడబడతారు. తప్పేమీ లేదు. రెండూ టెరోకార్పస్ ప్రజాతికి చెందిన దాయాదులే. మన అడవుల్లోని వేగిస కూడా ఆ వంశానిదే.

ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని, వంతెనతో కలిసిన బుల్లి దీవి చాతం. బ్రిటిష్ పాలకులు 1883లో ఇక్కడ మిల్లు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబు తవ్విన గొయ్యిని ఇప్పటికీ సందర్శకులకు చూపిస్తారు. అండమాన్ అడవుల నరికివేతపై సుప్రీం కోర్టు 2002 మే 7న కఠిన ఆంక్షలు విధించాక ఇక్కడి కలప వ్యాపారం రూపే మారిపోయింది.

దుంగగా ఉన్నంతసేపూ ఈ దాయాదులతో పేచీ లేదు. ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది, ఎండిన పడాక్ తేలుతుంది. చిక్కంతా ముక్కలు, పొడి, రంగు సారంగా మారాకే. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. బస్తాలోని ఎర్రపొడికి పడాక్ అని చీటీ అంటిస్తే పట్టుకునేదెలా? అసలు పడాక్‌నే అమ్ముకుంటున్న వడ్రంగిని అనుమానించి లోపలేస్తే విడిపించేదెలా? సూక్ష్మదర్శిని కింద కూడా ఈ ప్రజాతి కలపల్లో పోలికలు ఎక్కువ. పొడి చేస్తే ఆ ఆనవాళ్లూ చెదిరిపోతాయి.

అక్కడ పనికొచ్చేది ద్రవ క్రోమటోగ్రఫీ. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ స్వెట్ గత శతాబ్ది ఆరంభంలో ఆకుల రంగులను విడదీయడానికి కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు సిలికా రేణువులు కూరిన జానెడు ఉక్కు గొట్టం, దాని గుండా ద్రావణాన్ని నెట్టే పంపు, చివర రంగును కొలిచే పరికరం ఉంటాయి. జాతర వీధిలోకి ఒకేసారి అడుగుపెట్టిన గుంపును ఊహించండి. ప్రతి కొట్టు ముందూ ఆగేవాడు ఆలస్యంగా, దేన్నీ పట్టించుకోనివాడు ముందుగా అవతలికి చేరతారు. రసాయనాలూ అంతే. కాగితంపై ఒక్కోటి ఒక్కో శిఖరంగా నమోదవుతుంది.

ఎర్రచందనం వర్ణకాల్లో శాంటలిన్ ఎ, శాంటలిన్ బి ముఖ్యమైనవి. రెంటికీ తేడా ఒక్క మిథైల్ సమూహం. ఇలాంటి కవలలు కలిసిపోయి ఒకే శిఖరంగా వస్తే ఏది ఎంతో తేలదు. ఈ ప్రజాతిలో ఎర్ర చేవ ఉన్న చెట్లు మరికొన్నింటిలోనూ శాంటలిన్లు ఉంటాయి కాబట్టి, రంగు ఉందా లేదా అన్నది సాక్ష్యం కాదు. మిగతా పదార్థాలతో కలిపి ఏది ఏ పాళ్లలో ఉందన్నదే సాక్ష్యం. కాబట్టి శిఖరాలు విడివిడిగా నిలవాలి. వాటి మధ్య ఎడాన్ని కొలిచే సూచీ 1.5కు చేరితే దాదాపు పూర్తిగా విడిపోయినట్టు లెక్క.

దాన్ని సాధించడమెలా? ఎక్కువ మందికి మొదట తట్టేది కొత్త యంత్రం. గొట్టం సామర్థ్యాన్ని 'ప్లేట్లు' అనే ఊహాత్మక అంతస్తుల్లో కొలుస్తారు. ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ 1941లో స్వేదన స్తంభాల నుంచి తెచ్చిన లెక్క ఇది. రేణువు సైజును సగం చేస్తే ప్లేట్లు రెట్టింపవుతాయి. కానీ అదే వేగంతో ద్రవాన్ని నెట్టడానికి నాలుగింతల పీడనం కావాలి. 2004లో 1.7 మైక్రాన్ల రేణువులతో, వెయ్యి బార్ల దాకా తట్టుకునే యంత్రాలు వచ్చింది ఆ దారిలోనే. తిరకాసేమిటంటే, ప్లేట్లు రెట్టింపైనా శిఖరాల మధ్య ఎడం పెరిగేది 1.4 రెట్లే.

ఖరీదు లేని దారులు వేరే ఉన్నాయి. గొట్టాలను కలిపే సన్నని పైపు అవసరానికి మించి పొడవుగా ఉంటే, కష్టపడి విడదీసిన పట్టీలు అందులోనే మళ్లీ పరుచుకుంటాయి. దాన్ని కత్తిరిస్తే చాలు. ద్రవం మరీ నెమ్మదిగా పోయినా, మరీ వేగంగా పోయినా నష్టమేనని డచ్ శాస్త్రవేత్త వాన్ డీమ్టర్ బృందం 1956లోనే సమీకరణం రాసి చూపించింది. అన్నిటికన్నా బలమైనది ద్రావణం మార్పు. శాంటలిన్లకు ఫినాల్ గుణం ఉంది కనుక ద్రావణంలో చిటికెడు ఫార్మిక్ ఆమ్లం కలిపితే తోకలు సాగే శిఖరాలు నిటారుగా నిలబడే అవకాశం ఎక్కువ. ఎసిటోనైట్రైల్ బదులు మిథనాల్ వాడితే కొన్నిసార్లు వరుసే మారిపోతుంది. 2008-09లో ఎసిటోనైట్రైల్‌కు ప్రపంచవ్యాప్తంగా కొరత వచ్చి ధర చుక్కలనంటినప్పుడు చాలా ప్రయోగశాలలు ఈ సంగతిని అవసరం కొద్దీ నేర్చుకున్నాయి. టెండరు కాగితాల్లో యంత్రం ధర కనిపిస్తుంది, కెమిస్టు వారం రోజులు కూర్చుని మార్చిన పాళ్లు కనిపించవు.

అయితే ఎంత చక్కగా విడదీసినా పోల్చడానికి అసలు నమూనా లేకపోతే ఆ గీతలు కోర్టులో నిలవవు. ఒక్క నమూనా కూడా చాలదు. చెట్టు వయసు, నేల, నిల్వ కాలాన్ని బట్టి పాళ్లు మారవచ్చు. వెలుతురు తగిలిన పడాక్ ఎరుపు క్రమంగా గోధుమ వన్నెకు తిరుగుతుంది. పడాక్ తరఫున సాక్ష్యం చెప్పాల్సింది చాతమే. దానికి దుంగలు అక్కర్లేదు. ఏ అడవిది, ఏ రోజు కోసింది అన్న చీటీతో గుప్పెడు రంపపు పొట్టు పొట్లాలు చాలు.