అక్షరం రాకపోతే వేదిక కూడా దక్కదా?

రాయలసీమ పల్లెల్లో పద్యనాటకాలు ఆడిన పాతతరం రైతుల్లో చాలామందికి సంతకం పెట్టడం కూడా వచ్చేది కాదు. అయినా తెల్లవార్లూ రాగం తీసి పద్యాలు పాడేవాళ్లు, పేజీలకొద్దీ సంభాషణ తడుముకోకుండా చెప్పేవాళ్లు. హార్మోనియం మాస్టరు ఒక్కో పాదం పాడి వినిపిస్తే వెంటనే అందుకునేవాళ్లు. పగలు గుంటక తోలుతూ దాన్నే గొణుక్కుని, రాత్రి గుడి ముందర మళ్లీ అప్పజెప్పేవాళ్లు. నాటకం పుస్తకం ఊరికి ఒకటి ఉంటే చాలు, అదీ మాస్టరు దగ్గరే. అనంతపురం జిల్లా యాడికి, తాడిపత్రి, గుత్తి చుట్టుపక్కల పెద్దవాళ్లను కదిపితే ఈ ముచ్చట్లు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు బడిలో వార్షికోత్సవానికి నాటిక వేయించాలంటే ముందు జరిగే పని సంభాషణలు జిరాక్స్ తీసి పంచడం. ‘ఒక్కొక్కరూ చదవండి, ఎవరికి ఏ వేషమో చెబుతా’ అంటారు సారు. ఆరో తరగతి పిల్లవాడొకడు కాగితం పట్టుకుని మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. ‘మ’ను ‘య’ అంటాడు. ‘ప’కూ ‘ష’కూ మధ్య తికమక పడతాడు. వత్తు దగ్గరికి వచ్చేసరికి గుటకలు మింగుతాడు. వెనక బెంచీలో నవ్వులు. ‘నువ్వు కూర్చోరా’ అని సారు ఆ కాగితం పక్క పిల్లవాడికి ఇస్తారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, పరీక్షలు ముంచుకొస్తున్నాయి, టైము లేదు. కానీ వాడికి గొంతు ఉందా, నటించగలడా, నాలుగుసార్లు వినిపిస్తే గుర్తుపెట్టుకుంటాడా అని ఎవరూ చూడలేదు. చదవడం రానందుకు తరగతిలో ఎలాగూ వెనకబడ్డాడు, ఇప్పుడు నాటకంలోంచి కూడా పోయాడు.

ఈ నేల మీద కళ ఏనాడూ అక్షరం మీద ఆధారపడి బతకలేదు. బడి మాత్రం కళను తీసుకుపోయి అక్షరం వెనక నిలబెట్టింది. అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు ఆ వరుస దాటలేక రెండింటికీ చెడుతున్నారు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి కోట్లు అక్కరలేదు. యాడికి లాంటి మండలంలో ఉన్న మనుషులతో, ఉన్న చట్టంతోనే మొదలుపెట్టవచ్చు.

ముందు ఈ పిల్లలెవరో చెప్పుకోవాలి. వీళ్లకు చూపు బాగుంటుంది, వినికిడి బాగుంటుంది, తెలివికి లోటుండదు. చదవడం, రాయడం, లెక్క చేయడం, వీటిలో ఒకటో రెండో మాత్రం ఎంత సాధన చేసినా తోటివాళ్లకు పట్టుబడినట్టు పట్టుబడవు. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా అనే పేర్లు పట్నం బడుల్లో వినిపిస్తాయి. పల్లెలో అలాంటి పిల్లవాడిని మొద్దు అంటారు, లేకపోతే సోమరి అంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల పరిస్థితి వేరు, వాళ్లకు విషయం అర్థం కావడానికే ఎక్కువ సాయం, ఎక్కువ సమయం కావాలి. కానీ వేదిక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ మూసుకునే తలుపు ఒక్కటే.

1995 నాటి వికలాంగుల చట్టం 7 వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. అందులో అభ్యసన వైకల్యం ఊసే లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచి, దీన్నీ చేర్చింది. ఈ పిల్లలను వీలైనంత చిన్న వయసులోనే గుర్తించి, బోధన మార్చుకోవాల్సిన బాధ్యత బడులదేనని 16వ సెక్షన్ చెబుతోంది. మూడో తరగతిలోనో ఎనిమిదేళ్ల వయసులోనో, ఏది ముందైతే అప్పుడు టీచర్లే తొలి పరిశీలన చేయాలని 2018 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఆ తర్వాత పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షలు, చివరికి ధ్రువపత్రం. కాగితం మీద దారి సక్రమంగానే ఉంది. కానీ వానలు మొహం చాటేసిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరు పనులకు పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లవాడిని జిల్లా కేంద్రం దాకా తీసుకుపోయేదెవరు? ఒక్కసారి పోతే అయ్యే పని కూడా కాదది. ఈ జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ దివ్యాంగ పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టింది, ఊళ్లలో దివ్యాంగుల సంఘాలు కట్టించింది. మండలాల్లో సహిత విద్య కింద భవిత కేంద్రాలున్నాయి. వైకల్యం కంటికి కనబడే పిల్లలకు ఈ ఆసరా ఎంతోకొంత అందుతోంది. మామూలు బడిలో మూడో బెంచీలో తలవంచుకుని కూర్చున్న డిస్లెక్సియా పిల్లవాడు ఎవరి లెక్కలోకీ రాడు.

కళ విషయానికొస్తే, ఆ ధ్రువపత్రం కోసం ఎదురుచూడాల్సిన పనే లేదు. పరీక్షలో అదనపు సమయానికో, రాసిపెట్టే సహాయకుడికో కాగితం కావాలి. కోలాటంలో నిలబడటానికి కాగితమెందుకు?

అదే చట్టంలోని 29వ సెక్షన్ గురించి మన బడుల్లో మాట్లాడుకోగా వినడం అరుదు. దివ్యాంగులు మిగతావాళ్లతో సమానంగా సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునేలా ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. నృత్యం, చిత్రకళ తరగతుల్లో పాల్గొనేలా చూడటం, కళల పాఠ్యక్రమాన్నే వాళ్లకు అనువుగా తిరిగి రూపొందించడం కూడా అందులో పేరుపేరునా ఉన్నాయి. పంచాయతీ కూడా స్థానిక సంస్థే. ఊరి తిరునాళ్లలో, బడి వేదిక మీద ఈ పిల్లలకు చోటు కల్పించడం దయతో చేసే పని కాదు, చట్టం అప్పజెప్పిన పని.

ఇక కళలు నేర్పే మనిషి సంగతి. 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న చోట కళా విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాశారు. కళలను పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సిఫారసు చేసింది. 2020 విద్యావిధానం కళలను పాఠాల్లోనే కలపమంది. ఇంత చెప్పినా టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఎప్పుడు అవసరమైతే అప్పుడు లెక్కల సారుకు పోతుంది. అది మిగిలిన రోజున కూడా ‘రాత పని అయినవాళ్లు బొమ్మలేసుకోండి’ అంటారు. రాత పని ఎన్నటికీ అవ్వని పిల్లవాడికి రంగులు అందేదెప్పుడు? కళను బహుమానంగా పంచే ఈ అలవాటే ఈ పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తోందని నా అభిప్రాయం.

‘చదువే రానివాడికి ఆటపాటలెందుకు, ఆ గంట కూడా చదివిస్తే నాలుగు మార్కులు వస్తాయి’ అనే తల్లిదండ్రులున్నారు. అప్పు చేసి విత్తనాలు వేసి, పంట చేతికి రాక, కొడుకు చదువు మీదే ఆశ పెట్టుకున్న మనిషి అలా అనడంలో తప్పేముంది? ఆయనకు నిజాయితీగా జవాబు చెప్పాలి. కళలు నేర్పితే మార్కులు పెరుగుతాయని మభ్యపెట్టకూడదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ జీరో పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అంతకుముందు దశాబ్దాల్లో వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి 2000లో ఫలితాలు ప్రకటించారు. కళలు నేర్చుకున్నంత మాత్రాన మిగతా సబ్జెక్టుల్లో మార్కులు పెరుగుతాయనడానికి వాళ్లకు గట్టి ఆధారాలు పెద్దగా దొరకలేదు. తరగతిలో నాటకం వేయించడం వల్ల మాత్రం మాట, భాష మెరుగుపడుతున్నట్టు తేలింది. అది చిన్న లాభం కాదు. కానీ అసలు జవాబు వేరే ఉంది. పదేళ్లపాటు రోజుకు ఆరేడు గంటలు తనకు చేతకాని పనే చేస్తూ, అందరి ముందూ ఓడిపోతూ కూర్చునే పిల్లవాడు బడి మానేస్తాడు. వారానికి ఒక్క గంటైనా వాడు నలుగురితో సమానంగా నిలబడే చోటు బడిలో ఉండాలి.

ఇంకొక ఉచ్చు కూడా ఉంది. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా డిస్లెక్సియా అనే మాటను ఇంటింటికీ చేర్చింది, ఆ మేలు మరిచిపోలేం. అందులో పిల్లవాడు అద్భుతమైన చిత్రకారుడు. దాంతో చదువు రాని ప్రతి పిల్లవాడిలోనూ ఏదో గొప్ప ప్రతిభ దాగి ఉంటుందనే నమ్మకం స్థిరపడింది. మరి ఆ ప్రతిభ లేని పిల్లవాడి మాటేమిటి? మామూలు గొంతుతో, మామూలు అడుగుతో బృందంలో ఒకడిగా ఉండే హక్కు వాడికి లేదా? పైగా కొందరికి లయ కూడా అంత తేలికగా రాదు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు మాటలోని లయను, ధ్వనుల ఎత్తుపల్లాలను పట్టుకోవడంలోనే ఇబ్బంది ఉంటుందని కేంబ్రిడ్జి ఆచార్యురాలు ఉషా గోస్వామి 2011లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. కాబట్టి ‘చదువు రాకుంటే డ్యాన్స్ అయినా వస్తుందిలే’ అని వదిలేయకూడదు. నిదానంగా, పద్ధతిగా నేర్పాలి.

ఆ పద్ధతి మన చెక్కభజన గురువులకు బాగా తెలుసు. పదీ పన్నెండు మంది వలయంగా నిలబడతారు. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుని ఒక్క అడుగు చూపిస్తాడు. అది అందరికీ కుదిరేదాకా రెండోది చెప్పడు. కొత్తవాడిని అడుగు బాగా పడిన ఇద్దరి మధ్య నిలబెడతాడు, తప్పితే వాడు పక్కవాడి కాలు చూసి సర్దుకుంటాడు. ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. నేర్చుకోవడానికి ఎన్ని నెలలు పట్టినా ఎవరూ లెక్కపెట్టరు. విని, చూసి, ఒంటితో చేసి, మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవడమే పాఠం. ప్రత్యేక విద్య నిపుణులు అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు బోధించేటప్పుడు పాటించమనేవి కూడా దాదాపు ఇవే. వేగం పెరిగినప్పుడు అందుకోలేని పిల్లవాడుంటే, వాడి చేతికి తాళాలివ్వవచ్చు, బృందం అలాగే నిలుస్తుంది.

ఇంకో దారి తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కళ ఇంకా బతికి ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మీద బొమ్మ గీయడం, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టడం, రంగులు నింపడం, కీళ్లు కట్టడం, తెర వెనక నిలబడి ఆడించడం, గొంతు మార్చి మాట్లాడటం... ఒక్క ఆటలో ఇన్ని పనులున్నాయి. నలుగురి ఎదుట నిలబడితే నోరు పెగలని పిల్లవాడు తెర వెనక నుంచి హనుమంతుడై గర్జించగలడు. అట్ట ముక్కలతో చేసుకున్న బొమ్మలు, ఒక పాత పంచె, ఒక బల్బు ఉంటే ఏ బడిలోనైనా మొదలుపెట్టవచ్చు. అనంతపురం పల్లెలకే పేరు తెచ్చిన ఉరుముల వాద్యం కూడా బడి గడప తొక్కాలి. దాన్ని తరతరాలుగా కాపాడుకొచ్చిన దళిత కళాకారుడు గురువుగా వచ్చి నిలబడితే, చిన్నచూపు అంటే ఏమిటో చిన్ననాటే తెలిసిన పిల్లలకు అది మరో పాఠం.

యాడికి మగ్గాల ఊరు కూడా. పడుగు, పేక, అచ్చు, నాడె అనే మాటలు పిల్లలకు అక్షరాలకన్నా ముందే తెలుస్తాయి. నేసేవాడు అంచులో పువ్వు ఎక్కడ లేవాలో కంటితో, చేతితో లెక్క పెట్టుకుంటాడు. పిల్లలను పనిలో పెట్టమనడం లేదు. ఆ డిజైన్లను గళ్ల కాగితం మీద రంగులతో నింపించడం చిత్రకళ పాఠం అవుతుంది, అంకెలంటే భయపడే పిల్లవాడికి లెక్కల పాఠం కూడా అవుతుంది.

బయటి ప్రపంచంలో ఈ దారిన నడిచినవాళ్లు చాలా దూరం పోయారు. ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో 1987లో మొదలైన బ్యాక్ టు బ్యాక్ థియేటర్‌లో నటులు మేధో వైకల్యం, నాడీ వైవిధ్యం ఉన్నవాళ్లే. నాటకాల రూపకల్పనా వాళ్లదే. 2022లో వాళ్లకు అంతర్జాతీయ ఇబ్సెన్ పురస్కారం దక్కింది. బ్రిటన్‌లో టర్నర్ బహుమతి 2025లో మేధో వైకల్యమూ ఆటిజమూ ఉన్న నెనా కలు అనే కళాకారిణికి వచ్చింది. ఆమె వెనక లండన్‌లోని యాక్షన్‌స్పేస్ అనే సంస్థ పాతికేళ్లపాటు నిలబడింది. గది, సామగ్రి, పక్కన ఒక తోడు మనిషి ఇచ్చింది. ఆ పాతికేళ్ల ఓపికే మనం నేర్చుకోవాల్సింది. ఒక వార్షికోత్సవానికి ఒక పిల్లవాడిని ఎక్కించి, ఫొటో తీసి, పత్రికకు పంపితే అయిపోయే పని కాదిది.

వేదిక ఎవరిదన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది యాడికి పక్కనున్న తాడిపత్రిలోనే, 1880 ఆగస్టు 2న. స్త్రీ పాత్రలు మగవాళ్లే వేసే రోజుల్లో, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి వాళ్లను రంగస్థలం మీదికి తెచ్చిన మనిషాయన. అప్పుడు కూడా అలవాటు లేదన్నారు, బాగుండదన్నారు. ఆయన వినలేదు.

డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఒక మాట. యాడికి మండలంలోనే బోయరెడ్డిపల్లి దగ్గర పెద్ద సిమెంటు కర్మాగారం ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిన పనుల జాబితాలో ప్రత్యేక విద్య ఉంది, సంప్రదాయ కళల రక్షణ ఉంది. ఈ రెండూ ఒకేచోట కలిసే పని ఇది. వారానికి రెండు రోజులు బడికి వచ్చే భజన గురువుకో, నాటకం మాస్టరుకో గౌరవవేతనం ఇవ్వడం అలాంటి సంస్థకు లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. మండల విద్యాశాఖాధికారి, ప్రధానోపాధ్యాయులు కలిసి ఒక అర్జీ రాస్తే మొదలవుతుంది. భవిత కేంద్రం టీచర్లు ఆ గురువుతో కూర్చుని ఏ పిల్లవాడికి ఏది అనువో మాట్లాడుకోవాలి. ఆ పిల్లవాడి వ్యక్తిగత విద్యా ప్రణాళికలో చదవడం, రాయడంతోపాటు కళ కూడా ఒక గడిగా ఉండాలి.

ఈ ఏడాది వార్షికోత్సవానికి పేర్లు రాసుకోబోయే సార్లకూ మేడమ్‌లకూ నా విన్నపం. కాగితాలు పంచకండి. సంభాషణలు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి, నోటితో చెప్పించండి. చదవలేని పిల్లల పేర్లు జాబితాలో ముందు రాయండి, మిగిలిన వేషాలు తర్వాత పంచండి. తల్లిదండ్రులు కూడా బడికి వెళ్లి ‘మా వాడికి ఏ వేషమిచ్చారు?’ అని అడగాలి. అడిగే హక్కును 2016 చట్టం వాళ్లకు ఇచ్చింది.