గ్రాఫిక్స్ కార్డు: డబ్బు పేరుకా, పనికా?

సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో ఒకే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కార్డు వేర్వేరు కంపెనీల పెట్టెల్లో, వేర్వేరు ధరల్లో కనిపిస్తుంది. వడ్డీ ఈఎంఐ వద్దనుకుని, కొడుకు ఎడిటింగ్ కోర్సు కోసం ఏడాదిగా కూడబెట్టిన డబ్బు తెచ్చే అబ్బాకి ఒకటే ప్రశ్న: ఖరీదైనది నిజంగా మేలా?

వేగం వరకైతే పెద్దగా కాదు. చిప్ ఎన్విడియాదే. ఆసుస్, ఎంఎస్‌ఐ, గిగాబైట్, జోటాక్ దాన్ని తీసుకుని బోర్డు, ఫ్యాన్లు బిగిస్తాయి. వేగం పెంచామని చెప్పే 'ఓసీ' మోడళ్లు కూడా మామూలుగా రెండు మూడు శాతానికి మించి ముందుకెళ్లవు. తేడా తెలిసేది వేడిలో, మోతలో. మే నెలలో ఏసీ లేని గదిలో గంటల తరబడి వీడియో రెండర్ చేసేవాళ్లకి పెద్ద హీట్‌సింక్ ఉన్న కార్డు పనికొస్తుంది. మూడు ఫ్యాన్లూ రంగు లైట్లూ మాత్రం చాలావరకు షోకు.

అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఈ 5060 టీఐలోనే 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలు; ప్రకటించిన ధరలు 379, 429 డాలర్లు. ఎడిటింగ్‌కి ఆ మెమరీయే ముఖ్యం. ఆర్‌టీఎక్స్ 3050 కథ ఇంకా అన్యాయం. 8 జీబీ కార్డులో 2,560 కోర్లుంటే 6 జీబీ దాంట్లో 2,304 మాత్రమే, పేరు మాత్రం అదే! ఇది దుకాణందారుడి తప్పు కాదు, పేరు పెట్టిన ఎన్విడియాదే.

ఇక వారంటీ. ఎన్నేళ్లన్నది కంపెనీని బట్టి మారుతుంది, కొన్ని ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేస్తేనే గడువు పెంచుతాయి. బిల్లు మీద సీరియల్ నంబర్ లేకపోతే, దగ్గర్లో సర్వీస్ సెంటర్ లేకపోతే, కర్నూలు నుంచి వచ్చి కొన్నవాళ్లు చెడిన కార్డు పట్టుకుని మళ్లీ బస్సెక్కాల్సిందే.