పేల్చినవాళ్లే ఏరుకుపోవాలి

గొర్రెలు కాయడానికి వెళ్లిన పిల్లవాడికి గడ్డిలో తుప్పు పట్టిన ఇనుప ముద్ద ఒకటి దొరుకుతుంది. లోపల ఏముందో చూద్దామని రాయితో కొడతాడు. అది పేలుతుంది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది: ఆడుకుంటుండగా పాత గుండు పేలింది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు కోరారు. దాంతో ఆ కథ ముగుస్తుంది.

ఆ నాలుగు లైన్లలో ఎక్కడా కనబడని ప్రశ్న ఒకటుంది. ఆ గుండు అక్కడికి ఎలా వచ్చింది? దానికి కాళ్లు లేవు కదా. ఎవరో దాన్ని పేల్చారు. అది పేలలేదు. పేలనిదాన్ని వెతికి తీయకుండానే వెళ్లిపోయారు. తప్పు అక్కడ మొదలైంది. నింద మాత్రం పిల్లవాడి మీద, వాడి తల్లిదండ్రుల మీద పడుతోంది.

మన సంఘం మాట రెండు ముక్కల్లో చెబుతాను. ప్రాణం మనది కాబట్టి జాగ్రత్త మనం నేర్చుకుందాం. కానీ జాగ్రత్తల పేరు చెప్పి బాధ్యతంతా రైతు నెత్తిన, కాపరి నెత్తిన పెడితే మాత్రం ఒప్పుకోం.

ముందు ప్రాణం సంగతి

సైన్యం వాడే గుండ్లలో మన కంటబడేవి ముఖ్యంగా మూడు రకాలు. ఫిరంగి గుండు పొడుగ్గా, ఒక చివర బల్లపరుపుగా, రెండో చివర మొనదేలి ఉంటుంది. అడుగు భాగాన చుట్టూ రాగి పట్టీ ఉంటుంది. మోర్టార్ బాంబుకు పొట్ట లావు, వెనక సన్నని తోక, తోకకు రేకులు. దూరం నుంచి చూస్తే సొరకాయకు రెక్కలు తగిలించినట్టు ఉంటుంది. చేతిబాంబు గుండ్రంగా, గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. కొన్ని నున్నగా, కొన్ని సీతాఫలంలా గళ్లుగళ్లుగా ఉంటాయి. ఏళ్లు గడిస్తే రంగులు, అక్షరాలు అన్నీ పోయి పాత పైపు ముక్కలాగో, మోటారు విడిభాగంలాగో కనిపిస్తాయి. అందుకే ఒకటే లెక్క పెట్టుకోండి: అదేమిటో తెలియని ఇనుము నేలలో కనబడితే అది గుండే అనుకోండి.

'ఇన్నేళ్లు పేలనిది ఇప్పుడేం పేలుతుంది?' అని చాలామంది అంటారు. ఇది ప్రాణాలు తీసే మాట. గుండుకు సాధారణంగా మొన దగ్గర ఫ్యూజు ఉంటుంది. నేలను తాకిన దెబ్బకు అది పనిచేసి లోపలి మందును పేల్చాలి. బురదలోనో, మంచులోనో, మెత్తని దుక్కిలోనో పడితే దెబ్బ సరిగా తగలక ఆగిపోతుంది. చెట్టు కొమ్మలకు తగిలి పక్కకు ఒరిగి పడినా అంతే. లోపలి మందు ఏళ్లు గడిచినా చెడిపోదు. పైన ఇనుము తుప్పు పట్టేకొద్దీ ఫ్యూజు ఏ కదలికకు ఏం చేస్తుందో మిలిటరీ వాళ్లకు కూడా తెలియదు. అంటే పాతబడిన గుండును కొత్తదానికంటే ఎక్కువగా అనుమానించాలి.

కనబడితే చేయాల్సినవి ఇవి. ముట్టుకోవద్దు, కాలితో తన్నవద్దు, కర్రతో కదపవద్దు. మట్టి కప్పవద్దు, బావిలోనో చెరువులోనో పడేయవద్దు, బండి మీద పోలీసు స్టేషనుకు అసలే తీసుకెళ్లవద్దు. ఎక్కడ నిలబడి చూశారో అక్కడే ఆగండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి, ఎందుకంటే ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఉండవచ్చు. దాని పక్కన మేకులు, గుంజలు పాతకుండా దూరంగా, దారి మొదట్లో ఎర్రగుడ్డో కంపో గుర్తుగా పెట్టండి. పశువులను, పిల్లలను అటు పోనివ్వకండి. ఫోన్ దాని పక్కన నిలబడి చేయకండి. బాగా దూరం వెళ్లాక 112కు చేయండి. ఎక్కడ, ఎంత సైజు, ఎలా ఉంది అనేవి చెప్పండి. ఫోటో కోసం దగ్గరికి పోవద్దు.

ట్రాక్టరుతో దున్నుతుండగా నాగలికో రోటవేటరుకో తగిలితే, విదిలించడానికి బండిని ముందుకూ వెనక్కూ ఆడించకండి. ఇంజను ఆపి, దిగి, టైరు జాడలోనే నడిచి బయటికి రండి. బండి పోతే పోతుంది. ఆ చుట్టుపక్కల చెత్త, కొయ్యకాళ్లు తగలబెట్టకండి. పోలీసులు వచ్చాక స్టేషను డైరీలో రాయించి, ఆ నంబరు తీసుకోండి. రేపు నష్టపరిహారం అడగాలంటే కాగితం కావాలి.

తెలిసీ ఎందుకు ముట్టుకుంటారు?

ఇవన్నీ చెప్పాక ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఫైరింగ్ రేంజ్‌ల పక్కన బతికేవాళ్లలో చాలామందికి అది ప్రమాదమని తెలుసు. అయినా ఏరుకుంటారు. పాత ఇనుము కిలో పాతిక ముప్పై రూపాయలు పలుకుతుంది. రాగి, ఇత్తడి అయితే వందల్లో ఉంటుంది. మేత భూమి రేంజ్ కిందికి పోయి, పొలానికి వెళ్లడానికి ఆంక్షలు పెట్టి, కూలి కూడా లేని ఇంట్లో ఆ రాగి పట్టీ రెండు పూటల తిండి. బతుకుదెరువు తీసేసుకుని, 'ఇనుము ఏరుకోవడం నేరం' అని బోర్డు పెడితే సరిపోతుందా? ఆకలికి కారణమైనవాళ్లు అత్యాశ అని పేరు పెడుతున్నారు.

తోసామైదాన్ చెప్పే పాఠం

కశ్మీర్‌లో బడ్గాం జిల్లాలో తోసామైదాన్ అని పెద్ద పచ్చిక మైదానం ఉంది. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెలు, పశువులు మేసేది అక్కడే. గుజ్జర్లు, బకర్వాల్ కాపరులు వేసవిలో మందలతో అక్కడికి వస్తారు. మన గొల్ల కురుమల బతుకు ఎలాంటిదో వాళ్లదీ అలాంటిదే. 1964లో ఆ మైదానాన్ని సైన్యానికి ఫిరంగి సాధనకు ఇచ్చారు. యాభై ఏళ్లపాటు అక్కడ గుండ్లు కురిశాయి. పేలనివి గడ్డిలో, వాగుల్లో మిగిలిపోయాయి. వాటివల్ల 60 మందికి పైగా చనిపోయారని ఊళ్లవాళ్ల లెక్క. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు వేరే.

ఊళ్లవాళ్లు ఊరుకోలేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టి, ఎవరు ఎప్పుడు చనిపోయారో లెక్కలు బయటికి తీశారు. తోసామైదాన్ బచావో ఫ్రంట్‌గా ఏర్పడ్డారు. 2014లో లీజు ముగిసినప్పుడు పొడిగించడానికి వీల్లేదన్నారు. పొడిగించలేదు. సైన్యం గాలించి గుండ్లు తీసింది. మైదానాన్ని తెరిచాక కూడా పేలుడులో మనిషి చనిపోయాడు. యాభై ఏళ్లు చల్లినదాన్ని కొన్ని నెలల్లో ఏరేశామంటే పూర్తయినట్టు కాదు. వానకు మట్టి కొట్టుకుపోతుంది, మంచు కరుగుతుంది, కింద ఉన్నది పైకి వస్తుంది. ఏరే పని ఒకసారి చేసి చేతులు దులుపుకునేది కాదు.

బెల్జియంలో చూడండి. 1914-18 యుద్ధంలో పడిన గుండ్లు వందేళ్లు దాటినా అక్కడి రైతుల నాగళ్లకు తగులుతూనే ఉన్నాయి. కానీ రైతు కబురు పెడితే సైన్యంలోని ప్రత్యేక దళం వచ్చి పట్టుకుపోతుంది. ఏటా వంద టన్నులకు పైగా అలా తీస్తున్నారు. లావోస్ రైతుకు ఆ భాగ్యం లేదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులే 27 కోట్లు. వాటిలో 30 శాతం దాకా పేలలేదని అంచనా. ఇప్పటికీ అక్కడి రైతు వరి మడిలో గునపం దించాలంటే భయం. వేసిన దేశం శుభ్రం చేయడానికి డబ్బు ఇవ్వడంలో దశాబ్దాలు నాన్చింది. బెల్జియం రైతు వెనక ప్రభుత్వం నిలబడింది, లావోస్ రైతు ఒంటరిగా మిగిలాడు. మన దేశంలో కాపరికి ఏది దక్కాలో మనమే తేల్చుకోవాలి.

చట్టంలో ఉంది, అమలు ఏది?

ఫిరంగి సాధనకు ఊళ్లను నోటిఫై చేసే చట్టం 1938 నాటిది, తెల్లవాళ్లు చేసింది. అదే ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, కొన్నేళ్లపాటు ఆ ప్రాంతంలో గుండ్లు పేల్చుకోవచ్చు. ఆ రోజుల్లో జనాన్ని, పశువులను ఖాళీ చేయించవచ్చు. అయితే ఆ వలస చట్టంలో కూడా రెండు మాటలు రాసి ఉన్నాయి. వాడుకున్న భూమిని తిరిగి మునుపటి స్థితికి తేవాలి. మనిషికి గానీ ఆస్తికి గానీ నష్టం జరిగితే రక్షణ శాఖ ఖాతా నుంచి పరిహారం ఇవ్వాలి. కాకపోతే మునుపటి స్థితికి తేవడం దగ్గర 'వీలైనంత వరకు' అని ఒక తోక తగిలించారు. ఆ తోక పట్టుకునే అందరూ తప్పించుకుంటున్నారు. పేలని గుండు ఉన్న పొలం మునుపటి స్థితిలో ఉన్నట్టు ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. యుద్ధం ముగిశాక మిగిలిన పేలని గుండ్లను తొలగించే బాధ్యత ఆ భూభాగం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదేనని 2003లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం దాన్ని అంగీకరించింది. యుద్ధభూమికి ఒప్పుకున్న ధర్మం శాంతికాలంలో మన సొంత పల్లెలకు ఎందుకు వర్తించదు?

చేతకాదని అనడానికి లేదు. 2025 మే నెలలో సరిహద్దు కాల్పులు ఆగాక పూంఛ్, రాజౌరీ ఊళ్లలో పేలకుండా మిగిలిన గుండ్లను సైన్యం బృందాలే వెళ్లి నిర్వీర్యం చేశాయి. మనసు పెడితే అవుతుందని అక్కడే తేలింది.

నేతర్‌హాట్ దారి

జార్ఖండ్‌లో నేతర్‌హాట్ దగ్గర ఆదివాసులు మనకు దారి చూపారు. అక్కడ 245 గ్రామాలను ఫైరింగ్ రేంజ్ కింద నోటిఫై చేశారు. 1994 మార్చి 22న సైన్యం బండ్లు వస్తే ఆడవాళ్లు ముందు నిలబడి, వేలమంది దారికి అడ్డం కూర్చుని వెనక్కి పంపారు. ఒక్క రాయి విసరలేదు. ఆ తర్వాత ఏటా అదే రోజుల్లో కూడి సంకల్పం చెప్పుకున్నారు. 2022 ఏప్రిల్‌లో రాంచీ దాకా పాదయాత్ర చేశారు. అదే ఏడాది ఆగస్టులో ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ నోటిఫికేషన్ పొడిగించేది లేదని ప్రకటించారు. దాదాపు మూడు దశాబ్దాల ఓపిక అది.

ఇలా అడిగితే సైన్యానికి వ్యతిరేకమంటారు. ఆ సైన్యంలో ఉన్నది ఎవరి బిడ్డలు? మన ఊళ్ల నుంచి పోయిన రైతు బిడ్డలే. పేలని గుండు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దాన్ని నిర్వీర్యం చేసే జవాను ప్రాణం కూడా మనకు విలువైనదే. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి జవాన్‌నూ కిసాన్‌నూ కలిపి జై కొట్టించారు. ఒకరి సాధన ఇంకొకరి బిడ్డను చంపకూడదని అడగడం ఆ నినాదానికి వ్యతిరేకం ఎలా అవుతుంది?

మనకెందుకులే అని కూడా అనుకోవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి ఇప్పుడు విశాఖ మ్యూజియంలో ఉంది. యుద్ధం మన గడపదాకా రాదనే మాట అప్పుడే అబద్ధమైంది. 1938 చట్టం రేపు ఏ జిల్లాలో ఏ ఊరి మీదకైనా రావచ్చు.

మన డిమాండ్లు

ఒకటి: ఫైరింగ్ జరిగిన ప్రతిసారీ ఎన్ని పేల్చారు, ఎన్ని పేలలేదు, వాటిలో ఎన్ని తీశారు అనే లెక్క గ్రామసభ ముందు పెట్టాలి.

రెండు: భూమిని తిరిగి ఇచ్చేముందు పైపైన కాకుండా నాగలి దిగే లోతుకు మించి గాలించాలి. శుభ్రమైందని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాత కూడా ప్రతి వానాకాలం ముగిశాక మళ్లీ చూడాలి.

మూడు: ప్రాణం పోయినా, కాలు చెయ్యి పోయినా, పశువు పోయినా పరిహారం హక్కుగా ఇవ్వాలి. దయతో ఇచ్చే సాయంగా కాదు. కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాలు ఒకసారి ఇస్తే చాలదు, జీవితాంతం మార్చి ఇవ్వాలి.

నాలుగు: గుండు దొరికిందని పొలానికి తాడు కట్టి ఆపితే, ఆ సీజను పంట నష్టం కట్టివ్వాలి.

ఐదు: గుండు కనబడిందని చెప్పినవాళ్లను కేసుల పేరుతో వేధించకూడదు. స్టేషను చుట్టూ తిప్పుతారనే భయం ఉన్నంతకాలం జనం చెప్పరు, దాచేస్తారు.

ఆరు: రేంజ్ చుట్టుపక్కల బడుల్లో, సంతల్లో అక్కడి జనం భాషలో బొమ్మలతో నేర్పాలి. ఇనుము ఏరే కుటుంబాలకు ఉపాధి చూపాలి.

గ్రామ కమిటీలు ఈ నెల సమావేశంలో పైన రాసిన జాగ్రత్తలను చదివి వినిపించండి. కాపరులను, పాత ఇనుప సామాన్ల కొట్టువాళ్లను, ట్రాక్టరు డ్రైవర్లను తప్పకుండా పిలవండి. 112కు ఫోన్ చేయడం ఆడవాళ్లకు, పిల్లలకు కూడా నేర్పండి. డిమాండ్లను తీర్మానంగా రాసి, సంతకాలతో తహసీల్దారుకు ఒక కాపీ, కలెక్టరుకు ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదుల నకళ్లు సంఘం ఆఫీసుకు పంపండి. నేతర్‌హాట్ జనం పక్కన, తోసామైదాన్ కాపరుల పక్కన మన ఊళ్ల పేర్లు కూడా చేరాలి.